చలికాలం నడక ఆపొద్దు, వేళ మార్చుకోండి: బొగ్గు ఊళ్లలో వ్యాయామం ఎట్లా?

రామకృష్ణాపూర్: దసరా సెలవుల్లో కిటకిటలాడిన గ్రౌండ్ డిసెంబర్ వచ్చేసరికి పలచబడుతుంది. సింగరేణి ఊళ్లలో ఏటా జరిగేదే ఇది. ఫజర్ నమాజు చదివి అటునుంచి అటే నాలుగు రౌండ్లు కొట్టి వచ్చే పెద్దమనుషులు, చలి ముదరగానే మఫ్లర్ చుట్టుకుని నేరుగా ఇంటిబాట పడతారు. "సంక్రాంతి పోనియ్, చూద్దాం" అంటారు. సంక్రాంతి పోతుంది, ఫిబ్రవరి వస్తుంది. అప్పటికి షుగర్ పెరిగి ఉంటుంది, మోకాళ్లు బిగుసుకుని ఉంటాయి. రెండు నెలల కింద ఆగకుండా కొట్టిన నాలుగు రౌండ్లలో రెండో దానికే ఆయాసం వస్తుంది.

ఇంకో రకం మనుషులు కూడా ఉన్నారు. చలి ఎంతున్నా, పొగమంచు ఎంత కమ్మినా అయిదున్నర, ఆరుకే రోడ్డెక్కాల్సిందే. వీళ్ల పట్టుదల మెచ్చుకోదగ్గదే. కానీ బొగ్గు ఊళ్లో చలికాలం ఆ వేళే మంచిది కాదు. నడక ఆపేయడం ఒక తప్పు అయితే, వేళ మార్చుకోకపోవడం ఇంకో తప్పు.

అసలు అడ్డం చలి కాదు, గాలి

మంచిర్యాల, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వైపు చలి రాష్ట్రంలో మిగతా చోట్ల కంటే ఎక్కువే. సిర్పూర్(యు), గిన్నెధరి లాంటి ఊళ్లలో డిసెంబర్, జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోతుంది. అయినా ఆరోగ్యంగా ఉన్న మనిషి నడవడానికి, పరుగెత్తడానికి పది డిగ్రీల చలి పెద్ద అడ్డం కాదు. నిజానికి మే నెల ఎండలో కంటే చలిలో పరుగెత్తడమే ఒంటికి సులువు. పని చేసే కండరాలు వేడి పుట్టిస్తాయి, పది నిమిషాల్లో ఒళ్లు వెచ్చబడుతుంది.

ఇబ్బంది గాలితో వస్తుంది. మామూలుగా నేల దగ్గర గాలి వెచ్చగా, పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది. వెచ్చని గాలి పైకి లేస్తూ పొగను, దుమ్మును తనతో పాటు తీసుకెళ్తుంది. చలికాలం మబ్బు లేని రాత్రుల్లో ఇది తలకిందులవుతుంది. నేల త్వరగా చల్లారుతుంది, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది. దానిపైన వెచ్చని గాలి పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఇన్‌వర్షన్ అంటారు. ఆ మూత కింద ఏ పొగ పుట్టినా పైకి పోదు. బొగ్గు టిప్పర్లు లేపిన దుమ్ము, ఓసీ నుంచి వచ్చే దుమ్ము, వీధి చివర కాల్చిన చెత్త పొగ, చలిమంటల పొగ, బండ్ల పొగ అంతా మనిషి ముక్కు ఎత్తులోనే తిరుగుతుంటుంది.

ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా పరుగెత్తేటప్పుడు అది అరవై లీటర్లు దాటుతుంది. అప్పుడు చాలామంది నోటితో పీలుస్తారు కాబట్టి ముక్కు చేసే వడపోత కూడా ఉండదు. అంటే గాలి బాగాలేని వేళ పరుగెత్తితే ఆ దుమ్మునే ఎనిమిది పదింతలు లోపలికి లాక్కున్నట్టు.

ఆ మూత ఎప్పుడు తెరుచుకుంటుంది? ఎండ నేలను వేడి చేశాక. రామకృష్ణాపూర్ ప్రాంతంలో డిసెంబర్ ఆఖరులో సూర్యోదయం 6:40 దగ్గర, జనవరి మధ్యలో 6:48 దగ్గర అవుతుంది. సూర్యుడు కనిపించగానే గాలి బాగుపడదు. అందరి బండ్లు, స్కూల్ బస్సులు రోడ్డెక్కే ఏడు, ఎనిమిది గంటల వేళ ఇంకా పాడవుతుంది. తొమ్మిది దాటాక మెల్లగా తేలికవుతుంది. రోజు మొత్తంలో మధ్యాహ్నం నుంచి సాయంత్రం చీకటి పడేలోపు గాలి మెరుగ్గా ఉంటుంది. చీకటి పడ్డాక మళ్లీ మూత పడుతుంది.

దీన్ని చూసి తెలుసుకోవడానికి మిషన్ అక్కర్లేదు. డాబా ఎక్కి ఎక్కడైనా లేస్తున్న పొగను చూడాలి. అది నిటారుగా పైకి పోతుంటే బయటికి వెళ్లొచ్చు. కొంత ఎత్తుకు లేచి అడ్డంగా చాపలా పరుచుకుంటే ఆ పూట ఆగాలి. రోజూ కనిపించే ఓబీ మట్టి గుట్ట మసకబారి ఉంటే అదీ గుర్తే. ఫోన్ ఉన్నవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో దగ్గరి స్టేషన్ లెక్క చూసుకోవచ్చు. ఆ సూచీ 100 లోపు ఉంటే ఇబ్బంది లేదు. 200 దాటితే బయట పరుగు వద్దు. 100 నుంచి 200 మధ్య ఉంటే ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి.

షిఫ్టును బట్టి వేళ

"వేళ మార్చుకోమంటే డ్యూటీ ఎవరు చేస్తారు?" అని అడగొచ్చు. సింగరేణిలో షిఫ్టు వేళలు గనిని బట్టి కాస్త మారతాయి. మామూలుగా మొదటి షిఫ్టు పొద్దున ఏడు నుంచి మూడు, రెండోది మూడు నుంచి రాత్రి పదకొండు, నైట్ షిఫ్టు పదకొండు నుంచి పొద్దున ఏడు. ఏ షిఫ్టు వాళ్లకైనా గాలి మెరుగ్గా ఉండే ఒక గంట దొరుకుతుంది.

మొదటి షిఫ్టు వాళ్లు ఇంటికొచ్చి స్నానం చేసి, తేలిగ్గా ఏదైనా తిని, అసర్ నమాజు చదివాక బయల్దేరాలి. డిసెంబర్‌లో హనఫీ లెక్క ప్రకారం అసర్ నాలుగు దాటగానే మొదలవుతుంది, మగ్రిబ్ 5:40 దగ్గర. మధ్యలో ఉన్న గంట చలికాలంలో నడకకు అన్నిటికన్నా మంచి గంట. మగ్రిబ్ అజాన్ వినపడితే ఆ రోజు నడక అయిపోయినట్టే. మళ్లీ గడియారం చూసే పని లేదు.

రెండో షిఫ్టు వాళ్లకు పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా బాగుంటుంది. నైట్ షిఫ్టు దిగి వచ్చినవాళ్లు నేరుగా గ్రౌండ్‌కు పోవద్దు. నిద్ర లేని ఒంటితో పరుగెత్తితే కాలు మడతపడుతుంది, గుండెపైనా భారం పడుతుంది. ముందు కడుపునిండా నిద్రపోయి, జొహర్ చదివి, అసర్ తర్వాత అందరితో పాటు నడవాలి.

"బాయిలో చేసేదే పెద్ద ఎక్సర్‌సైజ్, మళ్లీ ఇదెందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. భూగర్భ గనిలో దిగి ఎక్కేవాళ్ల కాళ్లకు పని బాగానే ఉంటుంది. వాళ్లకు పరుగు కంటే నడుము, భుజాలు సాగదీసే కసరత్తులు, సాయంత్రం మెల్లని నడక చాలు. ఓసీలో డంపర్, డోజర్, షావెల్ నడిపేవాళ్ల సంగతి వేరు. షిఫ్టంతా సీట్లో కూర్చునే పని, పైగా కుదుపులు. రోజూ నడవాల్సింది ముందు వీళ్లే.

ఎక్కడ నడవాలన్నది కూడా ముఖ్యమే. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు, సీహెచ్‌పీ దారి, చెత్త కాల్చే చోటు వదిలేయాలి. ఠాగూర్ స్టేడియం లాంటి గ్రౌండ్ గానీ, క్వార్టర్ల మధ్య చెట్లున్న లోపలి వీధులు గానీ మేలు. సెలవు రోజు బొక్కలగుట్ట దగ్గరి గాంధారి వనం దాకా పిల్లలతో పోతే ఇంటిల్లిపాదికీ నడక అవుతుంది. తప్పనిసరై రోడ్డు మీద నడిస్తే ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడివైపు నడవాలి, లేత రంగు బట్టలు వేసుకోవాలి.

బయల్దేరే ముందు, వచ్చాక

చలిలో కండరాలు బిగుసుకుని ఉంటాయి. తలుపు తీయగానే పరుగు అందుకుంటే పిక్క పట్టేస్తుంది. ఇంట్లోనే ఏడెనిమిది నిమిషాలు చేతులు తిప్పడం, మోకాళ్లు ఎత్తి నిలబడ్డచోటే నడవడం, గోడ పట్టుకుని మడమలు లేపడం చేయాలి. తర్వాత అయిదు నిమిషాలు నడిచి అప్పుడు పరుగు మొదలుపెట్టాలి. ఆపేటప్పుడు కూడా ఒక్కసారిగా కూర్చోకుండా నడుస్తూ ఆగాలి.

ఒక మందపాటి స్వెట్టర్ కంటే రెండు మూడు పలచని బట్టలు మేలు. ఒళ్లు వెచ్చబడ్డాక పైది తీసి నడుముకు కట్టుకోవచ్చు. చెవులు, అరచేతులు కప్పుకుంటే సగం చలి పోతుంది. చెమటతో తడిసిన బనీనుతో గాలికి కూర్చుంటే వణుకు పుడుతుంది, రాగానే మార్చేయాలి. మూతికి కట్టే రుమాలు చలిని ఆపుతుంది గానీ సన్నని దుమ్మును ఆపదు. దాన్ని నమ్ముకుని పొగలో పరుగెత్తొద్దు. చలికాలం దాహం తెలియదు, అయినా చెమట పోతూనే ఉంటుంది. బయల్దేరే ముందు, వచ్చాక ఒక్కో గ్లాసు నీళ్లు తాగాలి. చాయ్ తర్వాత తాగొచ్చు.

ఎవరు డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి

చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, గుండె ఎక్కువ బలంతో కొట్టుకోవాల్సి వస్తుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు తెల్లవారుజామున చలిలో ఒక్కసారిగా పరుగు అందుకోవడం ప్రమాదం. ఏళ్ల తరబడి గనిలో చేసి రిటైరైన పెద్దల్లో చాలామంది ఊపిరితిత్తుల్లోకి బొగ్గు దుమ్ము ఎంతో కొంత చేరి ఉంటుంది. దగ్గు, పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌కు చూపించుకుని, ఎంత నడవొచ్చో అడిగి మొదలుపెట్టాలి. ఇన్‌హేలర్ వాడేవాళ్లు దాన్ని జేబులో ఉంచుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో దూరం పోవద్దు. జేబులో నాలుగు ఖర్జూరాలో, కాస్త చక్కెరో ఉండాలి. చలికి పాదాలు మొద్దుబారి దెబ్బ తగిలినా తెలియదు. సాక్సు వేసుకోవాలి, ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోవాలి.

నడుస్తుంటే ఛాతీ బరువెక్కడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లని చెమటలు, కళ్లు తిరగడం కనిపిస్తే అక్కడే కూర్చోవాలి. "గ్యాస్ అయి ఉంటది" అని ఇంటిదాకా నడిచి రావద్దు. పక్కవాళ్లు వెంటనే 108కి ఫోన్ చేయాలి. అందుకే పెద్దవాళ్లు ఒంటరిగా కాకుండా తోడుతో నడవడం మంచిది.

కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే పిల్లలకు

పోలీసు ఉద్యోగం కోసం పరుగెత్తే యువకులు గ్రౌండ్లలో ఎప్పుడూ కనిపిస్తారు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. నాలుగు వందల మీటర్ల రౌండ్ లెక్కన అబ్బాయిలకు రౌండ్‌కు 1 నిమిషం 48 సెకన్లు, అమ్మాయిలకు 2 నిమిషాల 40 సెకన్లు.

పూర్తిగా ఆపేస్తే రెండు వారాల్లోనే దమ్ము తగ్గడం మొదలవుతుంది. వారానికి ఆరు రోజులు కుదరకపోతే మూడు రోజులైనా చాలు, కానీ ఆ మూడు రోజుల్లో వేగం తగ్గకూడదు. రోజులు తగ్గినా వేగం నిలిస్తే దమ్ము చాలావరకు నిలుస్తుంది. వేగంగా కొట్టే రౌండ్లు సాయంత్రం గాలి బాగున్నప్పుడు పెట్టుకుని, పొద్దున పూట ఇంట్లో దండీలు, గుంజీలు చేసుకోవాలి.

ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు

చలికాలం అందరికంటే ముందు వ్యాయామం ఆగేది ఇంట్లో ఆడవాళ్లకే. పొద్దున చాయ్, టిఫిన్లు, బాక్సులు, షిఫ్టు క్యారేజీ అయ్యేసరికి తొమ్మిదవుతుంది. ఆ తొమ్మిదిన్నర వేళే గాలి తేలికయ్యే సమయం కూడా. అమ్మీ, దాదీ, కోడలు కలిసి డాబా మీదో, ఆకిలిలోనో అరగంట నడిస్తే ఎండ కూడా తగులుతుంది. బయటికి వెళ్లడం కుదరకపోతే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి తోయడం పదిసార్లు, మెట్లు ఎక్కి దిగడం అయిదు నిమిషాలు, ఇవి రెండు విడతలు చేస్తే చాలు. "ఇంటిపని ఉంది కదా" అని ఈ అరగంటను మింగేయకుండా చూడాల్సింది మగవాళ్లే. ఆ అరగంట పిల్లాణ్ని వాళ్లు ఎత్తుకోవాలి.

ఒక రోజు తప్పితే

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే లెక్క వారానికి కనీసం 150 నిమిషాల నడక లాంటి వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు. అంటే అరగంట చొప్పున అయిదు రోజులు. రెండు రోజులు తప్పినా లెక్క సరిపోతుంది. పొగమంచు కమ్మిన రోజు, ఓవర్‌టైం పడ్డ రోజు ఇంట్లో పది నిమిషాలు చేసినా అలవాటు తెగదు. వరసగా రెండు రోజులు మాత్రం తప్పనివ్వొద్దు. మూడో రోజు లేవడం చాలా కష్టం.

ఇది రంజాన్‌కూ పనికొచ్చే సంగతి. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ రంజాన్ ఇప్పుడు చలికాలంలోకి వస్తోంది. చంద్ర దర్శనాన్ని బట్టి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా 2028లో జనవరి ఆఖరున, 2029లో జనవరి మధ్యలో, 2030లో జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబర్ ఆఖరున ఇంకోసారి మొదలవుతుంది. ఎండాకాలంలో పద్నాలుగున్నర గంటలు ఉండే ఉపవాసం అప్పుడు దాదాపు పన్నెండున్నర గంటలే. అసర్ తర్వాత మెల్లగా నడిచే అలవాటు ఇప్పుడే పడితే, రోజాలో కూడా ఇఫ్తార్‌కు ముందు అరగంట నడక సులువుగా సాగుతుంది. గట్టి పరుగు, కసరత్తు మాత్రం ఇఫ్తార్ తర్వాతే. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా రోజాలో వ్యాయామం పెట్టుకోవద్దు.

ఈ బెల్టులో మార్చి దాటితే ఎండ నలభై దాటడానికి ఎన్నో రోజులు పట్టదు. అప్పుడు మళ్లీ ఫజర్ తర్వాతి వేళే మంచి వేళ అవుతుంది, గ్రౌండ్ మళ్లీ నిండుతుంది. డిసెంబర్‌లో ఆపినవాళ్లు అక్కడ మొదటి రౌండ్ నుంచి మొదలుపెడతారు. వేళ మార్చుకుని సాగించినవాళ్లు వదిలిన చోటి నుంచే అందుకుంటారు.