యూరియా వేసినా జామాయిల్ ఎందుకు ఎదగలేదు?

మొన్న ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, అడవిలో చెట్లకి ఎవడు ఎరువేస్తున్నాడు, ఎవడు కలుపు తీస్తున్నాడు? మరి జామాయిల్ తోటకి ఎందుకు?" అని. మంచి ప్రశ్నే. అడవిలో వంద మొక్కలు మొలిస్తే ఎన్ని చచ్చిపోతాయో మనం లెక్కపెట్టం. తోటలో ప్రతి మొక్కా డబ్బు పెట్టి కొన్నదే. పైగా అడవిలో రాలిన ఆకు, పడిన మాను అక్కడే కుళ్ళి మట్టిలో కలుస్తాయి. తోటలో మాను లారీ ఎక్కి వెళ్ళిపోతుంది.

మా బాబాయ్ సంగతి చెప్తా. రెండెకరాల్లో క్లోన్ మొక్కలు పెట్టాడు, 3 మీటర్లు, 2 మీటర్ల ఎడంతో. అంటే ఎకరానికి సుమారు 670 మొక్కలు. వానలకి గడ్డి మోకాలెత్తు లేచింది. కూలి ఖర్చు చూసుకుని కలుపు ఆపేశాడు. బదులుగా యూరియా చల్లేశాడు. దసరాకి వెళ్ళి చూస్తే గడ్డి నా నడుం దాటింది, మొక్కలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎండాకాలానికి చాలా పోయాయి.

జరిగిందేంటంటే, గడ్డి వేర్లు జుట్టులాగా పైమట్టంతా అల్లుకుంటాయి. చిన్న మొక్క వేరూ అప్పటికి అక్కడే ఉంటుంది. చల్లిన యూరియా ముందు గడ్డికే అందింది. బలిసిన గడ్డి నీళ్ళు కూడా ఎక్కువ తాగింది, వానలు ఆగగానే నేల తొందరగా ఎండింది. ఎరువు వేసి మరీ శత్రువుని మేపాడన్నమాట.

అందుకే ముందు కలుపు, తర్వాత ఎరువు. మొక్క చుట్టూ ఒక మీటరు మేర శుభ్రంగా పాదు చేయాలి, సాళ్ళ మధ్య ట్రాక్టర్ తోలొచ్చు. మొదటి రెండేళ్ళే అసలు గండం. కొమ్మలు కలిసి నీడ పడ్డాక గడ్డి చాలావరకు తగ్గుతుంది. గ్లైఫోసేట్ కొట్టేవాళ్ళు జాగ్రత్త, దానికి గడ్డికీ లేత జామాయిల్‌కీ తేడా తెలీదు, గాలికి ఆకు మీద పడితే మొక్క మాడిపోతుంది.

ఎరువులోనూ తేడాలున్నాయి. భాస్వరం మట్టిలో పెద్దగా కదలదు కాబట్టి నాటేటప్పుడే వేరుకి దగ్గర్లో పడాలి. యూరియా తడి ఉన్నప్పుడు, మొదలుకి కాస్త ఎడంగా వేసి మట్టి కప్పాలి. సరుగుడు, సుబాబుల్ అయితే వేర్ల బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకుంటాయి. వాటికి యూరియా బస్తాలు మోయడం నా దృష్టిలో దండగే.

ఇంకో ముఖ్యమైన సంగతి. కలుపు తీస్తే వచ్చే లాభం చాలావరకు టైమ్ లాభం, తోట కొన్ని నెలలు ముందుకెళ్తుంది. నీడ కమ్మాక ఆ తేడా అంతటితో ఆగుతుంది. కానీ నేలలో భాస్వరమే లేకపోతే, అది వేయడం వల్ల నేల తీరే మారుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ తేడా పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో రేడియేటా పైన్ తోటలకి సూపర్ ఫాస్ఫేట్ వేసింది అందుకే. కాబట్టి ముందు మట్టి పరీక్ష చేయించండి.

నరికాక బెరడు, ఆకు తగలబెట్టకండి. కాల్షియం ఎక్కువగా బెరడులోనే ఉంటుంది, అది పొలంలోనే ఉండనివ్వండి.

బాబాయ్ తోట నరికాక మోళ్ళు మళ్ళీ చిగురేశాయి. పాత వేర్లు లోతుగా ఉంటాయి కాబట్టి వాటికి గడ్డితో అంత బాధ లేదు. మోడుకి ఒకటో రెండో చిగుళ్ళు ఉంచి మిగతావి తీసేశాడు. మొదటి ఏడాది మొక్కలు చచ్చిన చోట చిగురేయడానికి మోడే లేదు. అక్కడ ఇప్పటికీ గడ్డే ఉంది.