సొంత ప్రాజెక్ట్ అంటే ఏం చెయ్యాలి అన్నా? | ఎపిసోడ్ టెక్స్ట్

భీమవరం, రాజమండ్రి, కాకినాడ వైపు నుంచి బీటెక్ ఫైనల్ ఇయర్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, ఎక్స్‌పీరియన్స్ లేదు, రెజ్యూమెలో సొంత ప్రాజెక్ట్ ఏం పెట్టాలి?" యూట్యూబ్ చూసి కట్టిన టుడూ యాప్, ఫుడ్ డెలివరీ క్లోన్ అందరి దగ్గరా ఉంటాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు రోజుకి పది చూస్తారు. అందుకే ఇవాళ మీకు రెండు తెలుగు ప్రాజెక్టుల గురించి చెప్తాను.

అప్పట్లో తెలుగు పేపర్ల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంట్ వాడేవి. ఆ ఫాంట్ లేకపోతే పేజీ నిండా పిచ్చి ఇంగ్లీషు గుర్తులే. ఎందుకంటే లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల కోడే, ఫాంట్ దాని మీద తెలుగు బొమ్మ అతికించేది, అంతే. ఇక తెలుగులో వెతికితే ఏం దొరుకుతుంది? వెన్న నాగార్జున గారు దీనికోసం పద్మ అని ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ రాశారు. ఏ ఫాంట్‌లో ఏ గుర్తు ఏ తెలుగు అక్షరమో చూసి యూనికోడ్‌లోకి మార్చేస్తుంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలవ్వడం వెనకా ఆయనే ఉన్నారు.

సరే, చదవడం కుదిరింది. మరి టైప్ చెయ్యడం? 2006లో వీవెన్ గారు లేఖిని పెట్టారు. ఇన్‌స్టాల్ గొడవ లేదు, పేజీ తెరిచి ఇంగ్లీషు కీబోర్డుతో కొట్టడమే. నెట్ సెంటర్లో కూర్చుని కూడా తెలుగు రాసుకోవచ్చు. ఇక్కడ నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఆ ఇంజిన్ ఆయన సున్నా నుంచి రాయలేదు. పద్మ కోడ్ మీద కట్టారు. ఇంకొకరి ఓపెన్ కోడ్ వాడుకోవడం తక్కువ పనేం కాదండి, పేరు చెప్పి వాడుకుంటే చాలు.

లోపల ఎలా పనిచేస్తుందంటే, "కె" నొక్కితే "క్" వస్తుంది. వెంటనే "ఎ" నొక్కితే పొల్లు పోయి "క" అవుతుంది, "ఐ" నొక్కితే "కి" అవుతుంది. అంటే ముందు ఏం నొక్కారో ప్రోగ్రామ్ గుర్తుపెట్టుకోవాలి. మీరు సిలబస్‌లో చదివిన స్టేట్ మెషీన్ ఇదేనండి బాబూ! ఒక్క శనివారం కూర్చుని జావాస్క్రిప్ట్‌లో అయిదు హల్లులకి రాసి చూడండి. వత్తుల దగ్గరికొచ్చేసరికి అసలు సరదా మొదలవుతుంది.

నా సంగతికొస్తే, ఉద్యోగంలో నాకొచ్చిన పని ఎక్కువగా ఫారాలు, బటన్లు. ఇంటర్వ్యూల్లో మాత్రం అందరూ ఆగి అడిగింది మా నాన్నగారి రొయ్యల చెరువు కోసం చేసిన చిన్న పేజీ గురించే. రొయ్యకి రేటు కౌంట్ బట్టి ఉంటుంది, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో. విసురు వలతో పట్టి, రెండు కిలోల్లో 110 ఉంటే 55 కౌంట్. కౌంట్ పెరిగితే రొయ్య చిన్నదన్నట్టు, రేటు తగ్గుతుంది. కొనేవాళ్ళు గట్టు మీద నిలబడి ఉండగా ఆ లెక్క చేతిలో ఉండాలి. అక్కడేమో సిగ్నల్ ఉండదు.

అందుకే సర్వీస్ వర్కర్ పెట్టాను, ఒకసారి తెరిస్తే తర్వాత నెట్ లేకుండా నడుస్తుంది. డేటా అంతా ఫోన్‌లోనే ఉంటుంది. బ్రౌజర్ డేటా చెరిపేస్తే పోతుంది కాబట్టి బ్యాకప్ ఫైల్ బటన్ ఒకటి. ఎండలో కనబడాలని తెల్లటి మీద నల్లటి పెద్ద అంకెలు. మొత్తం 300 లైన్లు కూడా లేదు. కానీ ఒక్కో లైను ఎందుకుందో అడిగితే నేను చెప్పగలను, ఇంటర్వ్యూలో వాళ్ళు తవ్వేది అదే.

మీ ఇంట్లో ఇంకా నోట్‌బుక్‌లోనే రాస్తున్న లెక్క ఏదైనా ఉందా? కొబ్బరి దింపు, పాల కేంద్రం, చీటీ, ఏదైనా సరే, కామెంట్లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒకటి తీసుకుని లైవ్‌లో కోడ్ రాద్దాం. ఉంటానండి.