సభా మర్యాద

నలుగురు కూడిన చోట మాట్లాడడం ఒక కళ. ఇంట్లో మాట తూలితే అయినవారు సర్దుకుపోతారు. సభలో తూలిన మాట వల్ల ఊరి పనే చెడవచ్చు. కనుకనే మన పూర్వులు సభా మర్యాదకు పెద్దపీట వేశారు.

ఈ మర్యాదను తెలుగువారికి కళ్ళకు కట్టినట్లు చూపినవాడు నెల్లూరి తిక్కన సోమయాజి. 13వ శతాబ్దిలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా, కవిగా వెలుగొందిన ఆయన మహాభారతంలో విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలను తెనిగించాడు. రాచకొలువుల తీరు ఎరిగిన ఆ కవి చేతిలో ఉద్యోగపర్వంలోని సంభాషణలు జీవం పోసుకున్నాయి.

రాయబారానికి బయలుదేరే ముందు శ్రీకృష్ణుడు పాండవుల అభిప్రాయాలను వింటాడు. సంధి కోరినవారి మాటలతోపాటు యుద్ధమే కావాలన్న సహదేవుని మాటలనూ, ద్రౌపది ఆవేదననూ ఆలకిస్తాడు. కౌరవసభలో ధృతరాష్ట్రుని గౌరవించి, కురువంశ ఔన్నత్యాన్ని గుర్తుచేస్తాడు. ఆయన కుమారుల తప్పును మాత్రం దాచకుండా చెబుతాడు. ఎదుటివారు వినగలిగేటట్లు నిజం చెప్పడమే మర్యాద అని దీనివల్ల తెలుస్తుంది. దుర్యోధనుడు హితవు రుచించక సభ విడిచి వెళ్ళిపోతాడు. సంధి పొసగలేదు. అయితే అందుకు కారకుడెవరో సభకంతటికీ తేటతెల్లమైంది.

తిక్కన నడయాడిన నెల్లూరుకు తూర్పున ఉన్న సముద్రతీర గ్రామాలకు నేటికీ ఈ మర్యాద అవసరమే. 1990 దశకంలో ఆ తీరాన రొయ్యల గుంటలు విస్తరించాయి. రొయ్యల సాగువల్ల తాగునీరు ఉప్పబారుతున్నదని, జాలరులు సముద్రానికి వెళ్ళే దారులు మూసుకుపోతున్నాయని దేశంలోని పలు తీరప్రాంతాల ప్రజలు మొరపెట్టుకున్నారు. దీనిపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వెలువరించింది. అయినా నీటితో, కూటితో ముడిపడిన తగవులు ఒక్క తీర్పుతో ముగియవు. రైతు, జాలరి, గుంటల యజమాని ఒకే ఊరిలో బతకవలసినవారు. వారు కలిసి కూర్చునే చోటు గ్రామసభ.

అటువంటి సభలో ఒకరు లేచి, "నీకు డబ్బు పిచ్చి పట్టింది" అని యజమానిని నిందించారనుకుందాం. ఆయనా ఒక నింద విసురుతాడు. నీటి సంగతి మరుగున పడుతుంది. అలాకాక, "రెండు నెలలుగా మా వీధి బావినీళ్ళు ఉప్పగా ఉన్నాయి. మీ గుంటల నీరు ఎటు పోతున్నదో చూపండి" అని అడిగితే ఆయన జవాబు చెప్పక తప్పదు. గుంటలకోసం తాను చేసిన అప్పు గురించి ఆయన చెప్పుకుంటే ఆ మాటా సభ వినాలి.

సభలో మాట్లాడేవారు తమకు తెలిసిన విషయమే చెప్పాలి. విన్నదానిని విన్నదిగానే చెప్పాలి. ఒకరు మాట్లాడుతుండగా అడ్డు తగలరాదు. ఇతరులు చెప్పినదే మళ్ళీ చెప్పి కాలం వృథా చేయరాదు. చర్చించే విషయం వదిలి పాత పగలను తవ్వరాదు. తమ మాట తప్పని తేలితే నిస్సంకోచంగా ఒప్పుకోవాలి.

1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం కల్పించింది. గ్రామ ఓటర్లందరూ అందులో సభ్యులే. 18 ఏళ్ళు నిండి, ఓటర్ల జాబితాలో పేరు చేరిన పల్లెటూరి విద్యార్థికి కూడా అక్కడ నిలబడి మాట్లాడే హక్కు లభిస్తుంది. హక్కు చట్టం ఇస్తుంది. మాటకు విలువ మాత్రం మాట్లాడేవారి సంస్కారం వల్లనే వస్తుంది. ఆ సంస్కారాన్ని తరగతి గదిలోని చర్చలనుండే అలవరచుకోవాలి.