మూత్రపిండాలు: దీర్ఘకాలిక వ్యాధి ఎందుకు ఆలస్యంగా బయటపడుతుంది?

కిందటి భాగంలో రక్తప్రసరణ వ్యవస్థను గురించి తెలుసుకున్నారు. ఈ భాగంలో విసర్జక వ్యవస్థను, అందులోనూ ముఖ్యంగా మూత్రపిండాలను పరిశీలిద్దాం. వినగడప, గంపలగూడెం, తిరువూరు వైపు నుంచి చదువుతున్న మీలో కొందరికి ఇది కేవలం పరీక్షకు సంబంధించిన అంశం కాదు. దగ్గర్లోని ఎ.కొండూరు మండలంలోని తండాల్లో, కష్టపడి పనిచేసే వయసులోనే మూత్రపిండాలు చెడిపోయిన వారి గురించి మీరు వినే ఉంటారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ ఇదే సమస్య దశాబ్దాలుగా ఉంది. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతుల్లోనూ, మధ్య అమెరికాలోని చెరకు కూలీలలోనూ ఇటువంటి వ్యాధే కనిపించింది.

ప్రతి మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ఒక్కొక్క నెఫ్రాన్ మొదట్లో రక్తకేశనాళికల గుచ్ఛం ఉంటుంది. దాన్నే గ్లోమరులస్ అంటాం. అభివాహి ధమనిక ద్వారా రక్తం లోపలికి వచ్చి, అపవాహి ధమనిక ద్వారా బయటికి పోతుంది. ఈ రెండింటి మధ్య ఏర్పడే పీడనం వల్లనే రక్తం వడపోతకు గురవుతుంది. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం ఇలా వడపోతకు గురైతే, అందులో 99 శాతం నాళికల్లో పునఃశోషణం చెంది, లీటరున్నర వరకు మాత్రమే మూత్రంగా బయటికి వస్తుంది.

ఇప్పుడు ఒక సాధారణ దృశ్యాన్ని తీసుకోండి. మిరప కోతల్లో రోజంతా ఎండలో వంగి పనిచేసిన మనిషికి ఒంట్లో నీరు తగ్గుతుంది. అప్పుడు మూత్రపిండాలకు చేరే రక్తమూ తగ్గుతుంది. ఆ సమయంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు అభివాహి ధమనికను తెరిచి ఉంచి, వడపోత ఆగకుండా చూస్తాయి. సాయంత్రం నడుం నొప్పికి ఆ మనిషి కొట్లో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయి. నొప్పి తగ్గుతుంది, గుచ్ఛంలో పీడనమూ పడిపోతుంది. ఒక్కసారికి మూత్రపిండం కోలుకోవచ్చు. ఏళ్ల తరబడి సాగితే ప్రమాదం పెరుగుతుంది.

అయితే ఈ ప్రాంతాల్లోని వ్యాధికి మాత్రలే కారణమని తేల్చివేయకండి. ఎండ దెబ్బ, భూగర్భజలంలోని ఫ్లోరైడ్, సిలికా, భారలోహాలు, పురుగుమందులు అన్నీ పరిశోధకుల పరిశీలనలో ఉన్నాయి. మధుమేహం, రక్తపోటు లేని వారిలోనూ ఇది రావడమే ఈ వ్యాధిలోని ప్రత్యేకత.

మరి ముందుగా ఎందుకు తెలియదు? నెఫ్రాన్లు కొన్ని నశిస్తే మిగిలినవి ఆ పని కూడా తామే మోస్తాయి. నొప్పి ఉండదు. రక్తంలోని క్రియాటినిన్‌ను కొలిచినా మోసపోవచ్చు. ఈ పదార్థం పరిమాణం వడపోత రేటుకు దాదాపు విలోమంగా ఉంటుంది. ఒక సన్నని స్త్రీకి 0.6 మిల్లీగ్రాములు ఉన్నది 1.2 అయిందనుకోండి. ప్రయోగశాల కాగితంపై అది ఇంకా సాధారణ పరిధిలోనే ఉన్నట్లు అనిపించవచ్చు. కానీ ఆమె వడపోత శక్తి సగం పోయింది! మా విద్యార్థులు తరచుగా తప్పు రాసే లెక్క ఇదే. అందుకే వయసు, లింగభేదాలను కలిపి వడపోత రేటును అంచనా వేస్తారు. అది 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక వ్యాధి అంటారు. 15 కంటే తగ్గితే వైఫల్య దశ. డయాలసిస్ లేదా మూత్రపిండ మార్పిడి అవసరం కావచ్చు.

మూత్రపిండాలు వడపోతకే పరిమితం కావు. ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను స్రవించి ఎముకమజ్జలో ఎర్ర రక్తకణాల ఉత్పత్తిని ప్రేరేపిస్తాయి. విటమిన్ డి క్రియాశీల రూపం పొందేదీ ఇక్కడే. కనుక నీరసం, రక్తహీనత, ఎముకల నొప్పులతో వచ్చిన రోగికి ఐరన్ మాత్రలిచ్చి పంపితే అసలు జబ్బు దాగిపోతుంది.

ఉద్దానం కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు కూడా అదే సమయంలో అందించారు. డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు చేస్తారు. తండా నుంచి రాకపోకలు కలుపుకుంటే ఆ రోజు కూలి పోయినట్లే; తోడు వచ్చిన వారిదీ పోతుంది.

మీ ఇంట్లో ఎండలో పనిచేసేవారు ఉంటే, క్రియాటినిన్‌తోపాటు మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా చేయించండి. కిందటిసారి వచ్చిన అంకెను కాగితంపై రాసి దాచండి. కొత్త అంకెను దానితోనే పోల్చాలి.