విద్యార్థికి లక్ష్యనిర్దేశము : వేంకటరత్నము నాయుడుగారి నిదర్శనము

విద్యార్థికి జీవితలక్ష్యము నొసంగుట ఆచార్యుని ధర్మమని యందఱును ఒప్పుకొందురు. అది యే మార్గమున సిద్ధించునో చెప్పవలసినపుడే అభిప్రాయభేదములు పొడసూపును. నీతిని పాఠ్యాంశముగా నిలిపి, పరీక్షలో దానికి మార్కులు నిర్ణయించినచో చాలునను వాదమొకటి కలదు. దీనిని మేము అంగీకరింపజాలము. ఆంధ్రదేశమున ఈ ప్రశ్నకు ఆచరణరూపమైన సమాధానము రఘుపతి వేంకటరత్నము నాయుడు (1862–1939) గారి ఉపాధ్యాయజీవితమున లభించుచున్నది.

మచిలీపట్టణమున నోబిల్ కళాశాలలోను, సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలోను పనిచేసిన పిమ్మట, వారు 1904 మొదలు 1919 వఱకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రధానాచార్యులుగా నుండిరి. అస్పృశ్యతను ఖండించుచు ఉపన్యసించినవారు నాడు పలువురు గలరు. నాయుడుగారు అస్పృశ్యులుగా నెంచబడిన కులముల బాలురకు వసతి కల్పించిరి. కళాశాలలో స్త్రీలకు ప్రవేశ మొసంగిరి. జీతములో అధికభాగమును అనాథలకును పేదవిద్యార్థులకును వెచ్చించిరి. తరగతిలో విన్న మాటయు, వెలుపల కన్న నడతయు ఒక్కటే యైనపుడు విద్యార్థి నీతిని వేఱుగా కంఠస్థము చేయ బనిలేదు.

లక్ష్యమొసంగిన గురువు ఆ లక్ష్యపు రూపమును శిష్యునికే విడువవలసియుండును. నోబిల్ కళాశాలలో వారి శిష్యులైన భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావుగారలు కోపల్లె హనుమంతరావుగారితో గూడి 1910లో మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. పట్టాభిగారు 1948లో కాంగ్రెసు అధ్యక్షులైరి. గురువుగారో, 1924లో 'సర్' బిరుదమును స్వీకరించి, 1925లో మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. ఈ మార్గభేదమును గురుప్రభావమునకు కొఱతగా కొందఱెంచవచ్చును. మాకది సాఫల్యముగనే తోచుచున్నది.

ఇక వారు బోధించిన నీతిని నేడు యథాతథముగా స్వీకరింపవచ్చునా? భోగముమేళములకు వ్యతిరేకముగా సాగిన ఉద్యమమున వీరేశలింగముగారును నాయుడుగారును ముందు నిలిచిరి. దానివలన ధనికుల వ్యసనమొకటి తగ్గినమాట నిజమే. కాని ఆ స్త్రీల జీవనోపాధియు, వారి విద్వత్తునకు గల గౌరవమును ఆ వెల్లువలోనే కొట్టుకొనిపోయినవి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ప్రకటించిన ముద్దుపళని 'రాధికాసాంత్వనము' అశ్లీలమను నెపమున నిషేధింపబడి, 1947లో గాని విముక్తి చెందలేదు. తెలుగుశాఖలవారికి ఇది పరాయి విషయము కాదు గదా! ఈ వృత్తాంతమును మఱుగుపఱచి నాయుడుగారి శీలమును మాత్రమే కీర్తించు అధ్యాపకుడు శిష్యునికి భక్తిని నేర్పగలడేమో గాని వివేకమును నేర్పలేడు. రెంటిని ప్రక్కప్రక్కనే యుంచి చదివింపవలెనని మా యభిప్రాయము. అట్లు చదివించినచో, అనాథల నక్కున జేర్చుకొనిన ఆ కరుణ ఆడి పాడి బ్రదుకు స్త్రీలయెడ ఏల ఆగిపోయినదని విద్యార్థియే అడుగును.