గుంజీలు తీస్తే ఏమవుతుంది?

"గుంజీలు తీసినంత మాత్రాన కొంపలేం మునగవురా" అని మా వాడితో అన్నది నేనే. మీ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు ఈ మాట అనే ఉంటారు.

పద్నాలుగేళ్ళవాడు. బడికి ఆలస్యంగా వెళ్ళాడని డ్రిల్లు మాస్టారు రెండు వందల గుంజీలు తీయించారట. ఆ సాయంత్రం బాగానే ఉన్నాడు. మర్నాడు గోడ పట్టుకుంటే గాని మెట్లు దిగలేకపోయాడు. మా చిన్నప్పుడు మేం తియ్యలేదా అని నవ్వాను. కండల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంది, అదే పోతుందిలే అని పాండిత్యం కూడా ఒలకబోశాను. ఆ పాండిత్యం తప్పట. ఆ ఆమ్లం గంటా రెండు గంటల్లో సర్దుకుంటుంది. మర్నాటి నొప్పి దానివల్ల కాదు.

మూడోరోజు పొద్దున వాడు వాళ్ళమ్మను చాటుగా పిలిచి, మూత్రం టీ డికాక్షన్ లా వస్తోందన్నాడు. "వేడి చేసింది, బార్లీ నీళ్ళివ్వండి" అంది మా అమ్మ. నేను సరేననేవాణ్ణే. మా ఆవిడ వినకుండా ఆటో పిలిచింది.

రక్తపరీక్షలో సి.కె. అని ఒకటుంటుంది. కండల్లో ఉండే ఎంజైము. రక్తంలో మామూలుగా రెండు వందలకు లోపు. మా వాడికి నలభై వేలు దాటింది. వెంటనే సెలైను ఎక్కించారు.

ఆ రాత్రి డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. కండ అంటే వెంట్రుకల్లాంటి సన్నని పోగుల కట్ట. సూక్ష్మదర్శినిలో చూస్తే పోగు పొడవునా అడ్డగీతలు, వాటి మధ్య గళ్ళు. ఒక్క మిల్లీమీటరులో సుమారు 400. గుంజీలో లేచేటప్పటికన్నా కూర్చునేటప్పుడే వాటికి చేటు. తొడకండ బరువు మోస్తూనే సాగాలి మరి. కొండ ఎక్కిన నాటికన్నా దిగిన మర్నాడు కాళ్ళు పట్టెయ్యడం అందుకే. కండలో చిరుగులు పడతాయని థియొడోర్ హఫ్ 1902 లోనే ఊహించాడు. 1981 లో స్వీడనులో కొందరిచేత అదేపనిగా మెట్లు దింపించి, పిక్కలోంచి చిన్న ముక్క తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, తిన్నగా ఉండవలసిన అడ్డగీతలు అలికేసినట్టున్నాయి!

మితంగా అయితే ఇది మంచికే. పోగుల అంచున నిద్రపోయే చిన్న కణాలుంటాయి. 1961 లో అలెగ్జాండర్ మారో వాటిని కప్ప కండలో చూశాడు. అవి మేల్కొని చిరుగులు పూడుస్తాయి. కండ గట్టిపడుతుంది. పహిల్వాన్లు వందల బస్కీలు తీసేది అలా అలవాటు చేసుకునే. అలవాటు లేనివాడిచేత ఒక్కసారే తీయిస్తే పోగుల పైపొరే పగిలి, లోపలి మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం రక్తంలోకి, అక్కణ్ణుంచి మూత్రపిండాల్లోకి పోతుంది. అక్కడి సన్నని గొట్టాల్లో ముద్దకట్టి దారి మూస్తుంది.

లండను మీద బాంబులు పడ్డ రోజుల్లో, శిథిలాల కింద కాళ్ళు నలిగినవారు బయటికి తీసినప్పుడు మాట్లాడుతూనే ఉండి, వారం తిరక్కుండా మూత్రం ఆగి చనిపోయేవారట. ఎరిక్ బైవాటర్స్ అనే డాక్టరు 1941 లో వారి మూత్రపిండాల్లో చూసినవి ఈ గోధుమరంగు ముద్దలే.

"బాంబులకూ గుంజీలకూ పోలికేమిటండీ?" అన్నాను.

"గొట్టాలకు ఆ తేడా తెలియదు కదండీ" అన్నారాయన. ఉత్త నొప్పయితే భయం లేదనీ, కండ వాచినా, మూత్రం రంగు మారినా గంట కూడా ఆగకూడదనీ, నొప్పి మాత్రలు సొంతంగా మింగించవద్దనీ చెప్పారు. మూత్రపిండాలకు అవి మరో దెబ్బట.

ఐదోరోజుకి మూత్రం తేటబడింది. ఆసుపత్రి మెట్లు నా భుజం పట్టుకుని ఒక్కొక్కటే దిగాడు.

"నాన్నా, మీ చిన్నప్పుడు ఎన్ని తీసేవారు?"

ఇరవైకి మించి ఎప్పుడూ తియ్యలేదు. వాడికి అదే చెప్పాను.