బండి మారితే చేయి, కాలు తడబడేదెందుకు?

మారుతీ కారును ఏళ్ల తరబడి నడిపిన వ్యక్తి తొలిసారి ఫోక్స్‌వ్యాగన్ కారులో కూర్చుని కూడలి వద్ద మలుపు తిరగబోతే ఇండికేటర్ వెలగదు. చినుకు జాడ లేకపోయినా వైపర్లు అద్దాన్ని తుడవడం మొదలుపెడతాయి. జపాన్ పద్ధతిలో రూపొందిన కార్లలో ఇండికేటర్ మీట స్టీరింగ్‌కు కుడివైపున, ఐరోపా కార్లలో ఎడమవైపున ఉండడమే ఇందుకు కారణం. ఇది నవ్వుకుని వదిలేయదగిన పొరపాటు.

గేర్లు లేని స్కూటర్‌కు అలవాటుపడిన వ్యక్తి గేర్ల మోటారు సైకిల్ ఎక్కినప్పుడు జరిగే పొరపాటు అటువంటిది కాదు. ఎదురుగా ఎవరైనా హఠాత్తుగా అడ్డువస్తే అతని ఎడమ చేయి తనంతట తానే మీటను బలంగా పట్టేస్తుంది. స్కూటర్‌లో అది వెనుక చక్రపు బ్రేకు, మోటారు సైకిల్‌లో క్లచ్. దాన్ని నొక్కిన మరుక్షణం ఇంజన్‌కూ చక్రానికీ సంబంధం తెగిపోతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజన్ కల్పించే కొద్దిపాటి నిరోధం కూడా పోయి బండి ముందుకు దొర్లుకుంటూ పోతుంది. ఆగాల్సిన చోట ఆగదు.

వాహనం నడపడం నేర్చుకోవడమంటే చాలామందికి ఒక బండిని కంఠస్థం చేయడమే. ఎక్కడ ఏది నొక్కాలో కాళ్లకు, చేతులకు అలవాటైపోతే చదువు పూర్తయినట్టే. మరో బండి ఎక్కినప్పుడు ఆ అలవాటే ఎదురుతిరుగుతుంది. మీటలు, పెడళ్లు అన్ని వాహనాల్లోనూ ఒకే విధంగా ఎందుకు లేవన్న ప్రశ్నకు సమాధానం ఇంజనీరింగ్‌లో కొంత, చరిత్రలో చాలావరకు ఉంది.

పెడళ్ల వరుస ఎలా స్థిరపడింది?

ఎడమ నుంచి క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ అనే వరుస తొలి నుంచీ ఉన్నది కాదు. 1908లో వచ్చి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారులో మూడు పెడళ్లు ఉన్నా యాక్సిలరేటర్ వాటిలో లేదు; అది స్టీరింగ్ కింద చేతితో కదిపే మీట. ఎడమ పెడల్ గేర్లు మార్చేది, మధ్య పెడల్ కారును వెనక్కి నడిపేది, కుడి పెడల్ బ్రేకు. ఇప్పటి డ్రైవర్‌ను అందులో కూర్చోబెడితే బ్రేకు అనుకుని నొక్కిన పెడల్ వల్ల కారు వెనక్కి పోవచ్చు. ఆ కాలపు కొన్ని బ్రిటిష్ కార్లలోనైతే యాక్సిలరేటర్ మధ్యలో ఉండేది. 1916 నాటి క్యాడిలాక్, 1922 నాటి ఆస్టిన్ సెవెన్ వంటి కార్లు వాడిన వరుసనే మిగతావారూ క్రమంగా అనుసరించడంతో నేటి అమరిక స్థిరపడింది.

ఈ వరుసలో ఒక విచిత్రం ఉంది. అమెరికా కార్లలో స్టీరింగ్ ఎడమవైపుకు మారినా పెడళ్ల వరుస మారదు. గేర్ల అమరిక కూడా అద్దంలో బింబంలా తిరగబడదు. మొదటి గేరు అక్కడా ఇక్కడా ఎడమవైపున ముందుకే ఉంటుంది. భారతదేశంలో గేరు రాడ్ డ్రైవర్‌కు ఎడమ పక్కన ఉంటుంది గనుక మొదటి గేరు వేయాలంటే రాడ్‌ను తన నుంచి దూరంగా నెట్టాలి. అమెరికాలో అదే మొదటి గేరుకు రాడ్‌ను తనవైపు లాక్కోవాలి. హైదరాబాద్‌లో నేర్చుకుని డాలస్‌లో గేర్ల కారు నడపబోయే వ్యక్తికి కాళ్లు సహకరిస్తాయి, చేయి మాత్రం కొన్నాళ్లు మొరాయిస్తుంది.

ఇండికేటర్ మీట కుడివైపున ఉండడంలో ఒక సౌలభ్యమూ ఉంది. మన రోడ్లపై మలుపు తిరిగేటప్పుడు ఎడమ చేయి గేరు మార్చే పనిలో ఉంటుంది. అదే సమయంలో సంకేతం ఇవ్వడానికి కుడి చేయి ఖాళీగా దొరుకుతుంది. ఐరోపా కంపెనీలు తమ ఖండంలో కుడుదిరిన అమరికనే ఇక్కడికీ తేవడం వల్ల ఆ సౌలభ్యం పోయింది.

క్లచ్ చేసే పని

కొత్తగా నేర్చుకునేవారిని అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించేది క్లచ్. బండి ఒక్కసారిగా ఎగిరిపడి ఆగిపోతుంది. వెనుక నుంచి హారన్లు మొదలవుతాయి. కంగారులో మళ్లీ అదే తప్పు జరుగుతుంది. క్లచ్‌ను నెమ్మదిగా వదలాలని శిక్షకులు పదేపదే చెబుతారు. ఎందుకు నెమ్మదిగా అన్నది మాత్రం చెప్పేవారు తక్కువ.

పెట్రోలు, డీజిల్ ఇంజన్లు నిలకడ స్థితి నుంచి బరువును లాగలేవు. అవి తిరుగుతూనే ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు కూడా కారు ఇంజన్ నిమిషానికి సుమారు 700 నుంచి 900 సార్లు తిరుగుతుంది. అంతకన్నా బాగా తగ్గితే ఆగిపోతుంది. ఆగి ఉన్న కారు చక్రాల వేగం సున్నా. తిరిగేదాన్ని, తిరగనిదాన్ని ఒక్కసారిగా జోడిస్తే రెండిట్లో ఒకటి లొంగాలి. టన్ను బరువున్న కారు లొంగదు గనుక ఇంజన్ ఆగిపోతుంది. ఈ రెంటి మధ్య రాజీ కుదిర్చేదే క్లచ్. ఇంజన్‌తో తిరిగే ఫ్లైవీలు మీద, గేర్‌బాక్సుకు జోడించిన ఒక ప్లేటును స్ప్రింగులు అదిమి పట్టి ఉంచుతాయి. పెడల్ నొక్కితే పట్టు వదులుతుంది. పెడల్‌ను సగం వరకు వదిలినప్పుడు ప్లేటు జారుతూ, రాసుకుంటూ కొద్దికొద్దిగా వేగం అందుకుంటుంది. డ్రైవర్ల భాషలో ఇదే హాఫ్ క్లచ్. ఇంజన్ శబ్దం ఒక మెట్టు దిగినట్టు వినిపించడం, కారు ముందుభాగం కాస్త లేచినట్టు అనిపించడం ఆ పట్టు మొదలైందనడానికి గుర్తులు.

ఆ పట్టు ఏ ఎత్తులో మొదలవుతుందన్నది ప్రతి కారుకూ వేరు. ప్లేటు అరిగిన పాత కారులో చాలావరకు పెడల్ దాదాపు పైకి వచ్చాకగానీ బండి కదలదు. మరో కారులో కాలు కాస్త తీయగానే కదులుతుంది. డీజిల్ కార్లు చాలావరకు యాక్సిలరేటర్ తాకకుండానే క్లచ్ వదిలినంత మాత్రాన ముందుకు సాగుతాయి. చిన్న పెట్రోలు కార్లు అంత ఓర్పు చూపవు. అందుకే డ్రైవింగ్ స్కూల్ కారులో నున్నగా బండి కదిపిన అభ్యర్థి సొంత కారులో మొదటి రోజే నాలుగుసార్లు ఇంజన్ ఆపేస్తాడు. అతనికి విద్య రాక కాదు, అతని కాలికి తెలిసిన ఎత్తు మారిపోవడమే కారణం. సమతలంగా ఉన్న ఖాళీ స్థలంలో యాక్సిలరేటర్ జోలికి పోకుండా క్లచ్‌ను మాత్రమే వదులుతూ ఆ స్థానాన్ని పదిసార్లు వెతికితే ఏ కారైనా దారికి వస్తుంది.

హాఫ్ క్లచ్ మీద కారును నిలిపి ఉంచడం మరో దురలవాటు. ఫ్లైఓవర్ ఎక్కే దారిలో వాహనాలు నిలిచినప్పుడు బ్రేకు బదులు క్లచ్‌తోనే కారును ఆపి ఉంచేవారు ఎందరో. రాపిడికి ప్లేటు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. అలాగే కొనసాగిస్తే పట్టు సడలుతుంది. అటువంటి చోట హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ పట్టు దొరికాక దాన్ని విడవడమే పద్ధతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు డ్రైవింగ్ పరీక్షలో ఎత్తుపై ఆగి, వెనక్కి జారకుండా మళ్లీ బయలుదేరే నైపుణ్యాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నాయి.

దిగుడు దారిలో గేరు విలువ ఇంకా ఎక్కువ. తిరుమల ఘాట్ వంటి దారుల్లో పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవారు ప్రాణాలతో చెలగాటమాడుతున్నట్టే. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి, పట్టు కోల్పోతాయి. ఇంజన్ కూడా ఆపేస్తే మరీ ప్రమాదం; బ్రేకుకు తోడ్పడే వాక్యూమ్ సాయం రెండు మూడు నొక్కులకే అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

వెనుక గేరు ఎక్కడుంది?

ముందు గేర్ల విషయంలో కంపెనీల మధ్య ఏకాభిప్రాయం ఉంది గానీ వెనుక గేరు విషయంలో లేదు. మారుతీ స్విఫ్ట్ వంటి అయిదు గేర్ల కార్లలో అది కుడివైపు చివర, కిందికి ఉంటుంది. హ్యుందాయ్ ఆరు గేర్ల కార్లలో రాడ్ మీది రింగును పైకెత్తి మొదటి గేరు పక్కకు నెట్టాలి. ఫోక్స్‌వ్యాగన్‌లో రాడ్‌ను కిందికి అదిమి ఎడమవైపు ముందుకు నెట్టాలి. ముందుకు పోతుండగా పొరపాటున వెనుక గేరు పడకుండా చేసిన ఏర్పాట్లే ఈ రింగులు, అదుములు. తెలియనివారు మాత్రం మొదటి గేరు వేసి, తల వెనక్కి తిప్పి, కారు ముందుకు దూకడంతో ఎదుటి గోడను ఢీకొంటారు.

వెనుక గేరు వేసేటప్పుడు కరకరమనే శబ్దానికీ కారణముంది. ముందు గేర్లలో రెండు చక్రాల వేగాన్ని ముందుగా సమం చేసే సింక్రోమెష్ అనే ఏర్పాటు ఉంటుంది. 1928లో క్యాడిలాక్ కార్లతో వచ్చిన ఈ సదుపాయం లేని పాత లారీల డ్రైవర్లు గేరు మార్చడానికి క్లచ్‌ను రెండుసార్లు నొక్కేవారు. చాలా కార్లలో వెనుక గేరుకు ఇప్పటికీ ఆ సదుపాయం లేదు. కారు పూర్తిగా ఆగి, క్లచ్ నొక్కిన తర్వాత ఒకటి రెండు క్షణాలు ఆగి వేస్తే శబ్దం రాదు.

ఒకప్పుడు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో గేరు మీట స్టీరింగ్ కిందే ఉండేది. ముందు సీటు ఒకే బల్లలా ఉండి ముగ్గురు కూర్చోగలిగేవారంటే అదొక కారణం. 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800 గేరు రాడ్‌ను నేల మీదికి దించింది. అంబాసిడర్‌తో చేయి తిరిగిన డ్రైవర్లు ఆ మార్పుకూ అలవాటుపడవలసి వచ్చింది.

రెండు చక్రాలపై మరింత గందరగోళం

మోటారు సైకిళ్లలో తేడాలు ఇంకా తీవ్రం. బ్రిటిష్ వారసత్వంతో మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు దశాబ్దాల పాటు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. 1970ల మధ్యలో అమెరికా ఎడమ గేరు, కుడి బ్రేకును తప్పనిసరి చేయడంతో ప్రపంచమంతా అటే మొగ్గింది. బుల్లెట్ మాత్రం ఈ శతాబ్దం తొలి దశకంలో గానీ క్రమంగా మారలేదు. మైసూరులో తయారైన జావా, యెజ్దీలలో కిక్ కొట్టే మీటే గేరు మీట కూడా. బజాజ్ చేతక్‌లో ఎడమచేతి పిడిని తిప్పితే గేరు మారేది. ఆటో రిక్షాలోకీ వచ్చినది ఆ ఏర్పాటే.

ఇవన్నీ పాత కథలు కావు. హీరో హోండా స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ కాలి ముందుభాగంతో కిందికి నొక్కితే పడతాయి. పల్సర్ వంటి బండ్లలో మొదటి గేరు ఒక్కటే కిందికి, మిగిలినవన్నీ పైకి. స్ప్లెండర్ అలవాటున్న యువకుడు స్నేహితుడి పల్సర్‌పై వేగంగా వెళుతూ పై గేరు కోసం కిందికి నొక్కితే కింది గేరు పడుతుంది. ఇంజన్ గట్టిగా అరిచి వెనుక చక్రం కుదుపుతో పట్టేస్తుంది. తడి రోడ్డుపై అయితే బండి అదుపు తప్పడానికి అంతే చాలు.

పల్లె రోడ్లపై ట్రాక్టర్‌ది మరో తీరు. దానికి రెండు బ్రేకు పెడళ్లు, వెనుక చక్రం ఒక్కొక్కదానికి ఒకటి. పొలంలో చాలు చివర బిగువుగా మలుపు తిరగడానికి అది వీలు. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కొక్కెంతో జోడించాలి. అది మరిచి వేగంలో ఒకే పెడల్ నొక్కితే ట్రాక్టర్ ఒక పక్కకు తిరిగి బోల్తా పడే ప్రమాదం ఉంది.

చట్టం చూసిన తేడా, చూడనిది

1988 నాటి మోటారు వాహనాల చట్టం 10వ సెక్షన్ గేర్లు లేని మోటారు సైకిల్‌ను, గేర్లున్నదాన్ని వేర్వేరు తరగతులుగా పేర్కొంది. కార్ల విషయంలో అటువంటి విభజన లేదు. అన్నీ తేలికపాటి మోటారు వాహనాలే. 2014లో మారుతీ సెలెరియోతో చవకైన ఆటోమేటిక్ కార్లు వచ్చాయి. 2020లో హ్యుందాయ్ వెన్యూ క్లచ్ పెడల్ లేకుండా గేరు రాడ్‌ను మాత్రమే ఉంచింది. విద్యుత్ కార్లలో చాలావాటికి మార్చాల్సిన గేర్లే లేవు. వీటిలో నేర్చుకున్నవారి చేతిలోని లైసెన్సు, జీవితంలో ఎన్నడూ క్లచ్ తాకకపోయినా, గేర్ల కారు నడపడానికీ చెల్లుతుంది. అటువంటి వ్యక్తి అలవాటు కొద్దీ ఎడమకాలిని ఊరకే ఉంచి బ్రేకు ఒక్కటే నొక్కితే కారు కుదుపులతో ఆగిపోతుంది. బ్రేకు అనుకుని ఎడమకాలితో క్లచ్ తొక్కితే కారు ఆగనే ఆగదు.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడ ఆటోమేటిక్ కారులో పరీక్ష నెగ్గినవారికి ఆటోమేటిక్ కార్లు నడిపే హక్కే దక్కుతుంది. గేర్ల కారుకు మళ్లీ పరీక్ష రాయాలి. భారతీయ లైసెన్సుతో అక్కడ నివసించేవారు 12 నెలల వరకే నడపగలరు. ఆ తర్వాత స్థానిక పరీక్షకు హాజరుకాక తప్పదు. చదువు కోసం, ఉద్యోగం కోసం వెళ్లిన తెలుగువారిలో చాలామందికి ఏ కారులో పరీక్ష ఇవ్వాలన్న ప్రశ్న తొలిసారి ఎదురయ్యేది అక్కడే.